గొంతు కింది కోపం

నాకు కోపం ఎక్కువని చెప్పుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. కొందరు ఆడపిల్లలు పుట్టింటి నుంచి బంగారం తెచ్చుకుంటారు, నేను కోపం తెచ్చుకున్నాను. మందమర్రిలో మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. కార్మికుల కాలనీలో నల్లా దగ్గర వరస తప్పి బిందె పెట్టినవాళ్లనీ, రేషన్ దుకాణంలో తూకం తగ్గించినవాళ్లనీ ఆయన వదిలేవాడు కాదు. ఆయన గొంతు లేచిందంటే మూడు వరసల క్వార్టర్ల అవతల కూడా తలుపులు తెరుచుకునేవి. ఐదో తరగతిలో మా సారు తనే తప్పు లెక్క చేసి నా చెవి మెలిపెడితే, నేను బోర్డు దగ్గరికి వెళ్లి ఆ లెక్క సరిచేసి, తర్వాత మూడు రోజులు ఆయనకు నమస్తే పెట్టలేదు. "అచ్చం బాపు పోలికే" అని కాలనీ అంతా అనుకుంది. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నాకు ఆ తర్వాత కూడా దొరకలేదు.

పెళ్లై కరీంనగర్ వచ్చాక కూడా ఆ కోపం తగ్గలేదు, దానికి కొత్త మనుషులు దొరికారు. మా ఆయన గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. పొద్దంతా రాళ్లు కోసే మిషన్ల మధ్య ఉండి వస్తాడు కాబట్టి, నా అరుపులు తనకు జోలపాటలా ఉంటాయని వెక్కిరించేవాడు. మా అత్తమ్మది చొప్పదండి దగ్గరి పల్లె, వ్యవసాయం చేసిన చెయ్యి. మామ పోయాక మా దగ్గరే ఉంటోంది. వచ్చినవాళ్లందరితో నాకు వినపడేలాగే చెప్పేది. "మా కోడలు మనసు మంచిదే. నోరే జర..." ఆ "జర" తర్వాత ఏముందో ఎప్పుడూ చెప్పేది కాదు. మా పిల్లలిద్దరూ హాస్టళ్లలో చదువుకుంటున్నారు కాబట్టి, ఇంట్లో నా కోపం ఈ ఇద్దరికే సమానంగా అందేది.

నేను చొప్పదండి దారిలో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. పదో తరగతిలో వినాళ గ్రంథుల పాఠం ఉంటుంది. నాళాలు లేని గ్రంథులు, తాము తయారు చేసిన హార్మోన్లను నేరుగా రక్తంలోకే వదులుతాయి. మెదడు కింద బఠాణీ గింజంత పీయూష గ్రంథి, గొంతు కింద రెండు రెక్కలు పరుచుకున్న అవటు గ్రంథి, అంటే థైరాయిడ్. మూత్రపిండాల మీద టోపీల్లా అధివృక్క గ్రంథులు. కడుపు వెనుక క్లోమం. బోర్డు మీద మనిషి బొమ్మ గీసి, ఎక్కడెక్కడ ఏది ఉందో ఎర్ర చాక్‌పీసుతో చుక్కలు పెట్టి, పక్కన పట్టిక వేసేదాన్ని. ఎక్కువైతే ఏమవుతుంది, ఒక గడి. తక్కువైతే ఏమవుతుంది, ఇంకో గడి. పిల్లలు ఆ గడులను బట్టీ పట్టి పరీక్షలో దించేవాళ్లు. నేను కూడా పదిహేనేళ్లకు పైగా బట్టీ పట్టే చెప్పానని ఆ ఏడాదే నాకు తెలిసింది.

దసరా దాటిన తర్వాత మొదలైంది. మొదట్లో అంతా బాగానే ఉంది, చెప్పాలంటే మరీ బాగుంది. పొద్దున లేవడమే పరుగు. బట్టలు ఉతికి, వంట చేసి, వాకిలి ఊడ్చి, ఇంకా బస్సుకు టైం మిగిలేది. పూటకు నాలుగు రొట్టెలు తిన్నా గంట తిరిగేసరికి ఆకలి. అంత తిన్నా జాకెట్లు వదులైపోయాయి. పక్కింటామె గోడ మీద నుంచి అడిగింది.

"ఏం తింటున్నవ్ వదినా, గింత సన్నగైనవ్? నాగ్గూడ చెప్పరాదు."

నేను గర్వంగా నవ్వి, ఏమీ లేదన్నాను. అత్తమ్మకు మాత్రం నచ్చలేదు. వేడి చేసిందని తేల్చేసి, పొద్దున జొన్న అంబలి, పగలు చల్ల, సాయంత్రం సబ్జా గింజలు మొదలుపెట్టింది. నేను అన్నీ తాగాను. తాగి, గ్లాసు పెట్టే లోపలే మళ్లీ చెమట పట్టేది.

డిసెంబరులో ఆదిలాబాద్‌లో మా ఆడబిడ్డ కూతురి పెళ్లికి వెళ్లాం. అక్కడి చలి సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పెళ్లి పొద్దున ఆడవాళ్లంతా పెరట్లో మంట చుట్టూ చేతులు చాపి కూర్చుని, వేడి నీళ్ల కోసం వంతులు పోట్లాడుకుంటున్నారు. నేను నేరుగా నల్లా కిందికి వెళ్లి తలస్నానం చేసి వచ్చాను. హాయిగా అనిపించింది కూడా. "గీమెకు పానం ఉన్నదా, లేదా?" అని ఒక ముసలామె నా వైపు చూసి అత్తమ్మను అడిగింది. అత్తమ్మ నా తల మీద తువ్వాలు కప్పి, ఎవరి దిష్టి తగిలిందో అని గొణుక్కుంటూ ఉప్పు తిప్పి మంటలో వేసింది.

దాంతోపాటే కోపం కూడా పెరిగింది. ఇదివరకు నా కోపానికి ఒక కారణం ఉండేది, ఒక చివర ఉండేది. ఇప్పుడు కారణం గోరంత, చివర అసలు లేదు. పప్పు పొంగితే కోపం. మా ఆయన కళ్లద్దాలు బల్ల మీద బోర్లా పెడితే కోపం. ఒకరోజు స్టేజీ దాటించి బస్సు ఆపినందుకు కండక్టర్‌తో మొదలుపెట్టిన లొల్లి, బస్సు వెళ్లిపోయాక కూడా రోడ్డు మీద ఒక్కదాన్నే కొనసాగించాను. ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. పడుకుంటే గుండె దిండు మీద కొట్టుకుంటున్నట్టు వినపడేది. ఇదంతా బడి పని ఎక్కువై వస్తోందనుకున్నాను. నలభై ఏడు దాటింది కాబట్టి నెలసరి ఆగే వయసు చిరాకులని కూడా అనుకున్నాను. బోర్డు మీద మనిషి బొమ్మ గీస్తుంటే గీత వంకర్లు పోయేది. చాక్‌పీసు బాగాలేదని అటెండర్ మీద కేకలేశాను.

జనవరిలో ఒక ఆదివారం బాపును చూడడానికి మందమర్రి వెళ్లాను. రిటైరై చాలా ఏళ్లైంది. ఇప్పుడు ఆయనకు పొద్దున పేపరు, సాయంత్రం పార్కు, మధ్యలో ఇద్దరు ముగ్గురు పాత దోస్తులు. నేను ఛాయ్ పెట్టి కప్పు సాసర్‌లో తెచ్చాను. తెస్తుంటే కప్పు గలగలమంది. బాపు అందుకోకుండా నా చెయ్యి వైపే చూశాడు.

"ఒక్కసారి చేతులు సాపు."

చాపాను. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఆపుదామని చూస్తే ఇంకా వణికాయి. దారిలో ఒకామెతో సీటు కోసం ఎంత కొట్లాడానో, ఆమె ఎట్లాంటిదో చెప్పడం మొదలుపెట్టాను. బాపు మధ్యలోనే చెయ్యెత్తాడు.

"కోపం నాది కావచ్చు బిడ్డా. గీ వణుకుడు మాత్రం నాది గాదు. రేపే దవాఖానల సూపించుకో."

మర్నాడు కరీంనగర్‌లో డాక్టరమ్మ దగ్గరికి మా ఆయనతో వెళ్లాను. ఆమె నాడి పట్టుకుని, మెడ మీద వేళ్లు పెట్టి గుటక వేయమంది. వేశాను. అప్పుడే నాకు తెలిసిపోయింది. నేను ఎర్ర చాక్‌పీసుతో చుక్క పెట్టే చోటే ఆమె వేళ్లున్నాయి. ఆకలి, చెమట, బరువు తగ్గడం, గుండె దడ, వణుకు, చిరాకు. "ఎక్కువైతే" అన్న గడి మొత్తం నేనే. పిల్లలు పరీక్షలో ఒక్కటి వదిలేస్తే మార్కు కోసే నేను, నా ఒంట్లో అన్నీ ఉన్నా ఒక్కటీ గుర్తుపట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

రక్త పరీక్షలో అదే తేలింది. డాక్టరమ్మ నేను టీచర్నని తెలుసుకుని ఓపిగ్గా చెప్పింది. మామూలుగా అయితే పీయూష గ్రంథి మాట పంపిస్తుంది, థైరాయిడ్ పని చేస్తుంది. రక్తంలో హార్మోన్ సరిపడా అయ్యాక పీయూష గ్రంథి చాలించుకుంటుంది, థైరాయిడ్ కూడా నెమ్మదిస్తుంది. ఒంట్లో దాదాపు అన్ని గ్రంథులదీ ఇదే పద్ధతి, పని చేయడం ఎంత ముఖ్యమో చాలు అన్నప్పుడు ఆగడం కూడా అంతే ముఖ్యమట. నా ఒంట్లో థైరాయిడ్ ఆ మాట వినడం మానేసింది. సాయంత్రం ఫోన్‌లో ఇదంతా బాపుకు చెప్తే, బాయిలో బొగ్గు టబ్బులను తాడుతో లాగే హాలేజీ మిషన్ దగ్గర జీవితమంతా పనిచేసిన ఆయన ఒక్క ముక్కలో తేల్చాడు.

"అంటే గంట కొట్టినా హాలేజీ ఆగుతలేదు. టబ్బులు గుంజుకుంట పోతనే ఉన్నది. అంతేనా?"

అంతే. పాఠం ఎన్నిసార్లు చెప్పినా నాకు తట్టని మాట అది.

కానీ ఆ గదిలో నన్ను తాకింది వేరే మాట. డాక్టరమ్మ మందులు రాస్తూ మామూలుగా అంది. "గీ కోపం, ఆత్రం, నిద్ర పట్టకపోవుడు, అన్ని దీనివల్లనే మేడం. గోలీలు ఏసుకుంటే తగ్గిపోతయి." మా ఆయన మొహం వెలిగిపోయింది. లాటరీ తగిలినవాడిలా నా వైపు చూశాడు. నాకు మాత్రం ఎవరో మెడలోంచి గొలుసు తెంపుకుపోయినట్టయింది. నాది అనుకున్న కోపం, బాపు నుంచి వచ్చిందనుకున్న కోపం, నన్ను నేనుగా నిలబెట్టిందనుకున్న కోపం, ఒక గ్రంథి చేసిన ఆగడమా? ఉండబట్టలేక అడిగాను.

"మరి చిన్నప్పటి సంది ఉన్న కోపం మేడం? అది గూడ దీనిదేనా?"

ఆమె నవ్వింది. "అది రక్త పరీక్షల రాదమ్మా" అంది. ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయించుకుని తప్పకుండా రమ్మని, మందు మోతాదు అప్పుడు తగ్గించాల్సి ఉంటుందని, చీటీ మీద గీత గీసి మరీ చెప్పింది.

మందు పని చేసింది. నెల తిరిగేసరికి గుండె తన చోటికి తాను వెళ్లి కూర్చుంది. చేతులు నిలిచాయి. బోర్డు మీద గీత తిన్నగా వచ్చింది. పప్పు పొంగితే పొయ్యి తుడిచి ఊరుకున్నాను. ఇంట్లో కొత్త కాలం మొదలైంది. మా ఆయన అద్దాలు ఎట్లా పడితే అట్లా పెట్టాడు. అత్తమ్మ ఫోన్‌లో బంధువులందరికీ చెప్పింది. "ఇల్లు ఇల్లు లెక్కయిందే. మా కోడలు ఎన్నముద్ద." నాకూ బాగుంది. అబద్ధం ఎందుకు? ఎప్పుడూ కోపిష్టిదని పేరున్న మనిషికి "ఎంత నెమ్మది" అన్న మాట కొత్త చీరలాంటిది, విప్పబుద్ధి కాదు.

ఆరు వారాలు వచ్చాయి. అప్పటికి పదో తరగతి పరీక్షల డ్యూటీలు. తర్వాత వెళ్దామన్నాను. తర్వాత కూడా వెళ్లలేదు. మా ఆయన "మంచిగనే ఉన్నవ్ గద" అన్నాడు. మా వైపు మందు ఒంటికి సరిపోతే "పడ్డది" అంటారు. పడ్డ మందును కదిలించకూడదన్నది అత్తమ్మ నమ్మకం. డాక్టర్ దగ్గరికి పోతే ఇంకేదో రాస్తారు, ఉన్నది చెడుతుంది. అందుకని మాత్రలు అయిపోగానే మా ఆయన ఖాళీ అట్ట జేబులో వేసుకుని మెడికల్ షాపుకు వెళ్లి, అట్ట చూపించి అవే తెచ్చేవాడు. మా దగ్గర సగం మంది బీపీకీ షుగర్‌కూ ఇట్లాగే మందులు తెచ్చుకుంటారు. వాళ్లది తెలియకపోవడం. జీవశాస్త్రం చెప్పే నేను ఆ అట్టలు చూస్తూ నోరు మూసుకోవడం మాత్రం తప్పే.

ఏప్రిల్‌లో నెమ్మది ఇంకాస్త నెమ్మదయింది. పొద్దున లేవబుద్ధయ్యేది కాదు. మొహం ఉబ్బింది, గాజులు బిగిశాయి, గొంతు బొంగురుపోయింది. మెట్లెక్కుతుంటే కాళ్లు వేరేవాళ్లవి అనిపించేవి. కండక్టర్ మళ్లీ స్టేజీ దాటించి దింపాడు, నేను దిగి వెనక్కి నడిచాను. మార్కెట్లో ఒకతను మెత్తబడిన టమాటాలు సంచిలో పోశాడు. చూశాను, అయినా తెచ్చాను. అత్తమ్మ వాటిని పళ్లెంలో పోసి, ఒక్కొక్కటి చేత్తో నొక్కి చూసి, నా వైపు చూసింది. తర్వాత వాటినే కూరకు తరిగింది. అదే నెలలో మా ఆయన నన్ను అడక్కుండా ముందు గది గోడలకు చిలకపచ్చ రంగు వేయించాడు. వేయించి, నేను బడి నుంచి వచ్చేసరికి, నేను అరవగానే పారిపోవడానికి చెప్పులు తొడుక్కుని వాకిట్లో రెడీగా నిలబడ్డాడు. నేను గోడలు చూసి "బాగుంది" అని లోపలికి వెళ్లి పడుకున్నాను. ఆయన చెప్పులు విప్పకుండా చాలాసేపు అక్కడే ఉన్నాడట.

మే నెలాఖరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఏడాది మా డాబా కూడా పగిలేలా కాగింది. మస్కట్‌లో పనిచేసే మా మరిది తెచ్చిన లావు దుప్పటి ఒకటి బీరువాలో ఉంటుంది. మా జిల్లాల్లో గల్ఫ్ వెళ్లినవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ అలాంటిది ఒకటి ప్లాస్టిక్ సంచిలో అట్లాగే ఉంటుంది, ఎవరూ కప్పుకోరు. ఆ మధ్యాహ్నం నేను సంచి చింపి దాన్ని తీసి, కూలర్ బంద్ చేసి, మెడ దాకా కప్పుకుని పడుకున్నాను. ఎందుకంటే నాకు చలేసింది. అత్తమ్మ కొంగుతో విసురుకుంటూ, కూలర్ ఎందుకు ఆగిందో చూద్దామని వచ్చింది. దుప్పటి మీది పెద్ద గులాబీ పువ్వు కింద నన్ను చూసి నిలబడిపోయింది. తర్వాత దుప్పటి అంచు ఎత్తి నా పాదం పట్టుకుంది.

"అయ్యో బిడ్డా, గింత సల్లగున్నయేంది కాళ్లు? లే. లే, దవాఖానకు పోదాం."

మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చేదాకా కూడా ఆగలేదు. తనే ఆటో పిలిచింది. ఆటో అతను ఊరంతా చుట్టి తీసుకుపోతుంటే, నేను కిటికీ లేని ఆ పక్క నుంచి ఎండను చూస్తూ కూర్చున్నాను. అత్తమ్మే ముందుకు వంగి అతన్ని అందుకుంది. ఏ మాటలతో నేను తిడతానో సరిగ్గా ఆ మాటలే, అదే వరసలో. ఇన్నేళ్లు విని నేర్చుకుందని అప్పుడు తెలిసింది.

డాక్టరమ్మ నా నాడి చూసి, పాత చీటీ చూసి, తల పట్టుకుంది. "ఆరు వారాలకు రమ్మన్న. నాలుగు నెలలైంది. అదే డోస్ ఏసుకుంటున్నరా ఇంకా?" ఎక్కువగా పరిగెత్తే గ్రంథికి వేసిన కళ్లెం బిగిసి, అది పూర్తిగా కూలబడింది. పట్టికలో నేను ఒక గడి నుంచి పక్క గడిలోకి మారాను. పీయూష గ్రంథి ఇప్పుడు పని చెయ్, పని చెయ్ అని మొత్తుకుంటూ ఉంటుంది, ఇక్కడ కదిలేవాళ్లు లేరు. నేను తల దించుకున్నాను. అప్పుడు అత్తమ్మ లేచి నిలబడి, చేతులు కట్టుకుని చెప్పింది.

"డాక్టరమ్మా, తప్పు నాది. కొడుకు తోల్కపోత అన్నడు. నేనే వద్దన్న. ఇల్లు నెమ్మదిగున్నది, కదిలియ్యకురా అన్న."

నాకు ఆ సంగతి తెలియదు. మా ఆయన ఒక్కసారైనా బయల్దేరాడనీ, ఆమె ఆపిందనీ తెలియదు. నా ఒళ్లు ఇట్లా కావడం కన్నా నా నోరు మూతపడడం వీళ్లకు ముఖ్యమైంది. ఈ మాటకు నాకు కోపం రావాలి. కుర్చీలో కూర్చుని దానికోసం లోపల వెతుక్కున్నాను. బీరువాలో నగ కోసం వెతికినట్టు అన్ని అరలూ తెరిచాను. రాలేదు. నిద్ర వచ్చింది. జీవితంలో నేను నిజంగా భయపడింది ఆ ఒక్క క్షణమే. ఈ మాటక్కూడా రాలేదంటే ఇంక అది నాది కాదు, ఎప్పుడూ నాది కాదు.

మందు కొన్నాళ్లు ఆపించి, తర్వాత బాగా తగ్గించి ఇచ్చారు. ఈసారి పరీక్షల తేదీలు అత్తమ్మే క్యాలెండర్ మీద సున్నాలు చుట్టించుకుంది. జూన్‌లో బడులు తెరిచారు, వానలు మొదలయ్యాయి. నేను కొంచెం కొంచెంగా వెనక్కి వచ్చాను. ఛాయ్ రుచి తెలిసింది. గొంతు తేటపడింది. గాజులు వదులయ్యాయి. ఒకరోజు బస్సు కోసం పరిగెత్తి, ఎక్కి కూర్చున్నాక, పరిగెత్తానని నవ్వుకున్నాను. మా ఆయన వేయించిన చిలకపచ్చ రంగు ఎంత దరిద్రంగా ఉందో నాకు మొదటిసారి కనిపించింది. కానీ కోపం రాలేదు, బాధ మాత్రమే వచ్చింది.

జులైలో మందమర్రి వెళ్లినప్పుడు బాపుకు ఈ బెంగ చెప్పుకున్నాను. ఆయన పేపరు పక్కన పెట్టి పెద్దగా నవ్వాడు.

"కోపం పోయిందని దేవులాడుకునేటోళ్లను ఎక్కడ సూడలే."

"నీకైతే తెలుస్తది బాపూ. గా నల్లా కాడ, రేషన్ దుకాణం కాడ నీకెట్ల వస్తుండె?"

బాపు అటూ ఇటూ చూసి, రహస్యం చెప్తున్నట్టు గొంతు తగ్గించాడు. "వచ్చింది సగం సార్లే బిడ్డా. కడమ సగం వచ్చినట్టు చేసిన. లేకుంటే వాడు తూకం సక్కగ ఎయ్యడు."

నేను నోరు తెరిచాను. నలభై ఏళ్లు నేను దేవుడి ప్రసాదంలా దాచుకున్న పుట్టింటి కోపంలో సగం నాటకమా? బాపు నా మొహం చూసి ఇంకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. తిరిగి వస్తూ బస్సులో తలుచుకుని మళ్లీ నవ్వాను, పక్క సీటామె జరిగి కూర్చుంది.

ఆగస్టులో ఒక సాయంత్రం రిపోర్టు వచ్చింది. మా ఆయన తీసుకొచ్చి, ముందు గదిలో కుర్చీలో కూర్చుని పైకి చదివాడు. అన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. అత్తమ్మ నా కోసం మక్క గారెలు చేసి పళ్లెంలో తెచ్చింది. అందరం సంతోషంగా ఉన్నాం. అప్పుడు మా ఆయన గారె తుంచుతూ వాళ్లమ్మతో సరదాగా అన్నాడు.

"ఏమన్న గానీ అవ్వా, పాత డోసే మంచిగుండె. ఇంట్ల సప్పుడు లేకుండె."

అత్తమ్మ నవ్వింది. ఆ నవ్వుతో వచ్చింది.

కడుపులోంచి, కాళ్లలోంచి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. "ఏం మంచిగుండె? నా గుండె ఎంత మెల్లగ కొట్టుకున్నదో ఎరుకనా మీకు? మొహం ఉబ్బితే, గొంతు బొంగురువోతే ఎవలన్న అడిగిండ్రా? మెత్తటి టమాటలు తెస్తే ఎందుకు తెచ్చినవని అడిగిండ్రా? సప్పుడు లేకుండె అంటరు. మనిషే లేకుండె ఇంట్ల! మీకు కోడలు గావాల్నా, గోడ గావాల్నా? గా గోడకేమో గిదొక రంగు!" రంగు గురించి నాలుగు నెలలుగా నాలో ఉన్నదంతా చెప్పాను. మా ఆయన గారె ముక్క చేతిలో అట్లాగే పట్టుకున్నాడు. తర్వాత అత్తమ్మ వైపు తిరిగాను. "నువ్వైతే అత్తమ్మా, తోల్కపోతా అన్న మనిషిని పట్టి ఆపినవ్. నెమ్మదిగున్నదని ఆపినవ్!"

ఆమె పళ్లెం కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. డాక్టర్ ముందు చేతులు కట్టుకున్నట్టే. నా నాలుక మీద తర్వాతి మాట సిద్ధంగా ఉంది. "నీ కడుపున పుట్టిన బిడ్డనైతే గిట్ల జేస్తుంటివా?" ఎంత పదునైన మాటో నాకు తెలుసు. ఆటోలో నా కోసం తిట్టిన మనిషి, నా పాదం పట్టుకుని కంగారుపడ్డ మనిషి, ఆ మాటను చచ్చేదాకా మోస్తుందని కూడా తెలుసు. అంతకు ముందు సంవత్సరమైతే ఆ మాట నన్ను అడక్కుండానే బయట పడేది.

నేను ఆగాను. కూర్చున్నాను. చేతులు చూసుకున్నాను, వణకడం లేదు. పళ్లెం దగ్గరికి లాక్కుని ఒక గారె తీసుకున్నాను.

మా ఆయన చేతిలోని గారె ముక్క పళ్లెంలో పెట్టాడు. తర్వాత అనుమానంగా అడిగాడు. "అయిపోయిందా?"

"అయిపోయింది" అన్నాను.

"గింతేనా?"

"గింతే. గోడకు రంగు మార్పియ్యాలె."

అత్తమ్మ కళ్లు తుడుచుకుని, నా పక్కన వచ్చి కూర్చుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియనట్టుంది. నా ప్లేటులో ఇంకో గారె వేసి, మెల్లగా అడిగింది.

"ఇంకేమో అనబోయినవ్ బిడ్డా. ఏంది? అను. కడుపుల పెట్టుకోకు."

"మర్చిపోయిన అత్తమ్మా."

మర్చిపోలేదు. ఆ మాట ఇప్పటికీ అక్షరం పోకుండా నా దగ్గరే ఉంది. రోజూ పొద్దున మాత్ర వేసుకుంటున్నప్పుడు, గొంతు దిగే ఆ చిన్న గోలీకి అది అందదని నాకు తెలుసు. దాన్ని అనకుండా ఉంచుకున్నది నేను.